లిక్విడ్ కూలర్: కొనే ముందు, బిగించేటప్పుడు, ఆన్ చేశాక

మీరు అడిగింది ఇది: ఇంటెల్ కోర్ ఐ7-14700కె ప్రాసెసర్ మీద మామూలు గాలి కూలర్ ఉంది. వీడియో రెండరింగ్ మొదలుపెట్టిన కాసేపటికే ఉష్ణోగ్రత 100 డిగ్రీలకు చేరుతోంది. 360 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్ (వేడిని ద్రవంతో మోసుకెళ్లేది) కొంటే ఈ బాధ తీరుతుందా, దాన్ని కేబినెట్‌లో పైన పెట్టాలా ముందు పెట్టాలా, నీళ్లు కారితే మిగతా భాగాల గతి ఏమిటి? మూడూ అడగాల్సిన ప్రశ్నలే. కానీ వీటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీ ప్రాసెసర్ అసలు ఎన్ని వాట్లు వాడుతోంది?

14700కెకు ఇంటెల్ ఇచ్చిన లెక్క ప్రకారం బేస్ పవర్ (మామూలు వేగానికి) 125 వాట్లు, గరిష్ఠ టర్బో పవర్ (పెంచిన వేగానికి) 253 వాట్లు. అయితే ఈ తరం మదర్‌బోర్డుల్లో చాలావాటిని తయారీదారులు ఆ గరిష్ఠ పరిమితి ఎత్తేసి అమ్మారు. బయోస్‌లో (ఆన్ చేయగానే నడిచే మదర్‌బోర్డు సెట్టింగుల ప్రోగ్రామ్‌లో) పవర్ పరిమితి దగ్గర 4096 అని కనిపిస్తే పరిమితి లేదనే అర్థం. అప్పుడు ప్రాసెసర్‌ను ఆపేది ఉష్ణోగ్రత ఒక్కటే. 100 డిగ్రీలంటే ఆ చిప్ తనంతట తాను వేగం తగ్గించుకోవడం మొదలుపెట్టే హద్దు. కాబట్టి మీకు కనిపిస్తున్న 100, కూలర్ చెడిపోయిందనడానికి రుజువు కాదు. ఎంత కావాలంటే అంత వాడుకోమని బోర్డు అనుమతించింది, ప్రాసెసర్ వాడుకుంటోంది.

అందుకే ముందుగా బయోస్‌ను కొత్తదానికి మార్చండి. 13, 14 తరాల ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు అవసరానికి మించిన వోల్టేజి అందుతోందని, దానివల్ల అవి క్రమంగా దెబ్బతింటున్నాయని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది. ఆ ఏడాది ఆగస్టు నుంచి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి పనితీరును నడిపే కోడ్) సవరణలు విడుదల చేసింది. అవి బయోస్ అప్‌డేట్ రూపంలో మీ బోర్డుకు చేరతాయి. కూలర్ కన్నా ఇది ముఖ్యమని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే అదనపు వోల్టేజి చేసే నష్టాన్ని ఏ కూలరూ ఆపలేదు. ఆ తర్వాత బయోస్‌లో ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగులు ఎంచుకుని, మళ్లీ అదే రెండరింగ్ నడిపి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ప్యాకేజీ పవర్‌ను (ప్రాసెసర్ మొత్తం వాడే వాట్లను), ఉష్ణోగ్రతను పక్కపక్కన పెట్టి చూడండి.

ఆ రెండు అంకెలే మీకు దారి చూపిస్తాయి. 250 వాట్ల దగ్గర 95 నుంచి 100 డిగ్రీలు ఉంటే మీ గాలి కూలర్ తన శక్తి మేరకు పనిచేస్తోంది, పెద్ద కూలర్‌తో నిజంగా లాభం ఉంటుంది. అలా కాకుండా 140, 150 వాట్లకే 100 తగులుతుంటే, ఆ కూలర్ చిన్నదైనా అయ్యుండాలి, సరిగా కూర్చోకనైనా పోయుండాలి. రెండు టవర్ల పెద్ద కూలరైతే అది చాలామటుకు బిగింపు లోపమే. అలాంటప్పుడు కొత్తది కొనడమంటే రోగం ఒకచోట, మందు ఇంకోచోట. కూలర్ విప్పి, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసే థర్మల్ పేస్టు మార్చి, మళ్లీ బిగించి చూడండి.

ఇంకో మార్గం కూడా ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. పవర్ పరిమితిని 253 నుంచి 200కు దించండి. ఈ ప్రాసెసర్లలో చివరి 50 వాట్లు కొనిపెట్టే వేగం చాలా తక్కువ. రెండరింగ్ సమయం సాధారణంగా కొద్ది శాతమే పెరుగుతుంది, వేడి మాత్రం అయిదో వంతు తగ్గుతుంది. దీంతో మీ పని జరిగిపోతే కూలర్ కొనక్కర్లేదు. రోజూ గంటల కొద్దీ రెండరింగ్ చేసేవారికి, శబ్దం తగ్గాలనుకునేవారికి, గాలి కూలర్ ఎత్తు పట్టని కేబినెట్ ఉన్నవారికి లిక్విడ్ కూలర్ సరైన ఎంపిక. చూడటానికి బాగుంటుందని కొనడం కూడా నా దృష్టిలో తప్పేమీ కాదు. కానీ ఏఎమ్‌డీ సంస్థ రైజెన్ 5 7600 లాంటి ప్రాసెసర్‌కు గరిష్ఠంగా అందేది 88 వాట్లు. ఆటల కోసం కొనే రైజెన్ 7 7800ఎక్స్3డి ఆటల్లో సాధారణంగా 100 వాట్ల లోపే ఉంటుంది. వీటికి మంచి గాలి కూలర్ సుఖంగా సరిపోతుంది. నాక్చువా ఎన్‌హెచ్-డి15 లాంటి పెద్ద గాలి కూలర్ ఎత్తు 165 మిల్లీమీటర్లు. అది పట్టే కేబినెట్ ఉంటే, ద్రవాన్ని తిప్పే పంపు అనే భాగమే లేని ఆ కూలర్‌కు పాడయ్యే అవకాశం చాలా తక్కువ. ఏఎమ్‌డీ వాడేవారికి మరో మాట: రైజెన్ 7000 వరుసలో చాలా చిప్‌లు పూర్తి భారం మీద 95 డిగ్రీల వరకూ వెళ్లేలా రూపొందినవే. 7950ఎక్స్ మీద 95 చూసి కంగారుపడి కూలర్ మార్చినా, అది మరింత పవర్ వాడుకుని మళ్లీ ఆ 95 దగ్గరికే వెళ్లవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. లిక్విడ్ కూలర్ చల్లదనాన్ని పుట్టించదు. ప్రాసెసర్ మీద కూర్చునే బ్లాకు, పంపు, గొట్టాలు, సన్నని రెక్కలుండే రేడియేటర్, దానికి ఫ్యాన్లు, ఇవీ దాని భాగాలు. చిన్న చోట పుట్టిన వేడిని మోసుకెళ్లి వెడల్పైన చోట గాలికి అప్పగిస్తుంది, అంతే. గది ఉష్ణోగ్రత కన్నా కిందికి ప్రాసెసర్‌ను దించలేదు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.18 జౌల్స్ శక్తి కావాలి. పంపు నిమిషానికి ఒక లీటరు తిప్పుతోందనుకుందాం. అంటే సెకనుకు సుమారు 17 గ్రాములు. 200 వాట్ల వేడి ఆ నీటిలో కలిస్తే, లోపలికి వెళ్లే నీటికీ బయటికి వచ్చే నీటికీ తేడా 3 డిగ్రీలే. ఈ లెక్కను గుర్తుంచుకోండి, పంపు బాగుందో లేదో తేల్చడానికి తర్వాత పనికొస్తుంది.

మరి 100 డిగ్రీలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? గది 28 డిగ్రీలు, గొట్టంలోని ద్రవం 40, ప్రాసెసర్ కోర్ (లోపల లెక్కలు చేసే భాగం) 90 అనుకోండి. గదికీ ద్రవానికీ మధ్య 12 డిగ్రీల తేడా, దాన్ని తగ్గించేవి రేడియేటర్, ఫ్యాన్లు. ద్రవానికీ కోర్‌కూ మధ్య 50 డిగ్రీల తేడా. ఆ వేడంతా రెండున్నర చదరపు సెంటీమీటర్ల సిలికాన్‌లోంచి పైనున్న లోహపు మూతలోకి, పేస్టులోకి, కూలర్ రాగి పలకలోకి దూరి రావాలి. రేడియేటర్ ఎంత పెద్దదైనా ఆ 50ని ముట్టుకోలేదు. 240 నుంచి 360కి మారితే ద్రవం కొద్ది డిగ్రీలు చల్లబడుతుంది, కోర్ కూడా అంతే చల్లబడుతుంది. బిగింపు సరిగా లేకపోతే మాత్రం ఆ 50 కాస్తా 60, 65 అవుతుంది. కూలర్ ఎంచుకోవడానికి పెట్టిన శ్రద్ధలో సగమైనా రాగి పలక ప్రాసెసర్ మీద కూర్చునే తీరు మీద పెట్టమని నేను అందరినీ అడిగేది ఇందుకే.

రేడియేటర్ పరిమాణానికి వస్తే, అంకెలను కొంచెం జాగ్రత్తగా చదవాలి. 240, 360 అనేవి 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు, మూడు పట్టేవి. 280, 420 అనేవి 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు పట్టేవి. ఫ్యాన్ల కింద ఉండే వైశాల్యం లెక్కవేస్తే 280కి 240 కన్నా 36 శాతం ఎక్కువ వస్తుంది. 280 నుంచి 360కి వెళితే పెరిగేది 10 శాతమే. కాబట్టి మీ కేబినెట్‌లో పైన 360 పట్టక 280 పడితే బాధపడాల్సింది ఏమీ లేదు. 250 వాట్లను తరచూ, చాలాసేపు వాడతారు కాబట్టి మీకు 280 లేదా 360 అనే నా సలహా. 120 రేడియేటర్ ఉన్నవి ఈ ప్రాసెసర్‌కు అసలు చూడకండి, మంచి గాలి కూలరే వాటికన్నా నయం.

మందం సంగతి చాలామంది ఇంటికి తెచ్చాక తెలుసుకుంటారు. సాధారణ రేడియేటర్ మందం 27 మిల్లీమీటర్లు, ఫ్యాన్ 25, మొత్తం 52. ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ లాంటివాటిలో రేడియేటర్ ఒక్కటే 38, ఫ్యాన్‌తో కలిపి 63. పైభాగంలో పెట్టాలంటే కేబినెట్ పై రేకు నుంచి మదర్‌బోర్డు పై అంచు వరకు ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలవండి. ఖాళీ తక్కువైతే రేడియేటర్ బోర్డు మీదికి దిగి, ప్రాసెసర్ పక్కనుండే విద్యుత్ భాగాల హీట్‌సింకులకో, ఎత్తైన ర్యామ్ కడ్డీలకో తగులుతుంది. కొన్ని కేబినెట్లలో బిగించే రంధ్రాలను బోర్డుకు దూరంగా, గాజు తలుపు వైపు జరిపి పెడతారు. అలాంటివాటిలో ఈ చిక్కు తక్కువ. ముందుభాగంలో పెట్టేట్లయితే గ్రాఫిక్స్ కార్డు పొడవు చూడాలి. రేడియేటర్, ఫ్యాన్లు కలిసి అక్కడ 52 మిల్లీమీటర్లు తినేస్తాయి. "360 పడుతుంది" అని పెట్టె మీద రాసినప్పుడు అది ముందు వైపా, పైనా అన్నది కూడా చదవండి.

సాకెట్ కిట్, అంటే ప్రాసెసర్ కూర్చునే సాకెట్ దగ్గర కూలర్‌ను బిగించే సామాను, తప్పనిసరిగా సరిపోవాలి. మీ ప్రాసెసర్ ఎల్‌జీఏ 1700 సాకెట్‌ది. 2021లో వచ్చిన ఈ సాకెట్‌తో కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్ల నుంచి 78కి మారింది, ప్రాసెసర్ ఎత్తు కూడా కాస్త తగ్గింది. పాత కూలర్ కిట్‌ను ఎలాగోలా తగిలిస్తే రాగి పలక సరిగా ఆనదు. 2024లో వచ్చిన ఎల్‌జీఏ 1851కి కూడా ఈ 78 దూరమే కాబట్టి, ఇప్పుడు కొనే కూలర్ ముందు ముందు పనికొస్తుంది. ఏఎమ్‌డీ వైపు ఏఎమ్4, ఏఎమ్5 రంధ్రాలు ఒకటే, కానీ ఏఎమ్5 బోర్డుతో వచ్చే వెనుక పలకను తీయడానికి లేదు. దాన్ని వాడుకునే కిట్టే కావాలి.

బ్రాండుల విషయంలో నేను పెద్దగా వాదించను. డెన్మార్క్‌కు చెందిన ఆసెటెక్ లాంటి కొన్ని సంస్థలు తయారుచేసే పంపులే ఎన్నో పేర్లతో అమ్ముడవుతుంటాయి. నేను చూసేవి వేరు: వారంటీ ఎన్నేళ్లు, లీకై వేరే భాగాలు పాడైతే పరిహారం ఇస్తామని వారంటీ పత్రంలో స్పష్టంగా ఉందా, ఫ్యాన్లు విడిగా మార్చుకోవచ్చా, పంపు వేగాన్ని బయోస్‌లోంచే నియంత్రించవచ్చా. పంపు మీద తెర, రంగుల దీపాలు ఉన్నవి బాగానే పనిచేస్తాయి. కానీ వాటికోసం ఒక ప్రోగ్రామ్ ఎప్పుడూ నడుస్తూ ఉండాలి, యూఎస్‌బీ తీగకు బోర్డు మీద చోటుండాలి. ఏ ప్రోగ్రామూ అక్కర్లేకుండా బోర్డు ద్వారానే నడిచే కూలర్‌ను నేను ఎప్పుడూ ముందుకు తోస్తాను, ఎందుకంటే అయిదేళ్ల తర్వాత ఆ ప్రోగ్రామ్ కొత్త విండోస్‌లో పనిచేస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు.

పైనా, ముందా? మీ విషయంలో పైనే. కారణం ఒకటి: ద్రవం తిరిగే దారి (లూప్) మూసి ఉన్నా అందులో మొదటి నుంచీ కొద్దిగా గాలి ఉంటుంది, ఏళ్లు గడిచే కొద్దీ రబ్బరు గొట్టాల గుండా ద్రవం కొంచెం కొంచెంగా ఆవిరై ఆ గాలి పెరుగుతుంది. గాలి ఎప్పుడూ అన్నిటికన్నా ఎత్తైన చోటికి చేరుతుంది. ఆ ఎత్తైన చోటు రేడియేటర్‌లో ఉండాలి గానీ పంపులో ఉండకూడదు. చాలా కూలర్లలో పంపు ప్రాసెసర్ మీద ఉండే బ్లాకులోనే ఉంటుంది. రేడియేటర్‌ను పైన బిగిస్తే గాలి అక్కడే ఉండిపోతుంది, పంపుకు ఎప్పుడూ ద్రవమే అందుతుంది. ముందు బిగించినా ఫర్వాలేదు, రేడియేటర్ పై అంచు పంపు కన్నా ఎత్తులో ఉండాలి, వీలైతే గొట్టాలు కింది వైపు నుంచి రావాలి. కేబినెట్ అడుగున పెట్టడం మాత్రం వద్దు. గాలంతా పంపులోకే చేరి, గుడగుడమని శబ్దం చేస్తూ పంపు ఆయుష్షు తగ్గుతుంది.

రెండో కారణం వేడిది. ముందు బిగిస్తే బయటి చల్లగాలి నేరుగా రేడియేటర్‌కు అందుతుంది, ప్రాసెసర్ కొద్ది డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. కానీ ఆ వేడిగాలంతా కేబినెట్‌లోకి వచ్చి గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. పైన బిగించి గాలిని బయటికి తోస్తే ప్రాసెసర్ రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపించినా గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్ హాయిగా ఉంటాయి. రెండరింగ్‌లో రెండూ పనిచేస్తాయి కాబట్టి పైభాగమే నయం. ముందు నుంచి రెండు మూడు ఫ్యాన్లు గాలి లోపలికి తేవాలన్నది మాత్రం మరవకండి.

లీకు భయం గురించి సూటిగా చెబుతాను. అది జరగదని ఎవరైనా అంటే నమ్మకండి, తరచూ జరుగుతుందన్నా నమ్మకండి. మూసిన లూప్ కూలర్లు పాడయ్యే మార్గాల్లో ఎక్కువగా కనిపించేవి పంపు ఆగిపోవడం, ద్రవం తగ్గడం, రాగి పలకలోని సన్నని గాడుల్లో మడ్డి పేరుకోవడం. రాగి పలక, అల్యూమినియం రేడియేటర్ ఒకే ద్రవంలో ఉంటే లోహం తినేసే ప్రక్రియ సహజంగానే జరుగుతుంది. దాన్ని ఆపడానికే గ్లైకాల్‌తో పాటు నిరోధకాలు కలుపుతారు, వాటి బలం కాలంతో తగ్గుతుంది. అందుకే లిక్విడ్ కూలర్ అంటే ఆయుష్షు ఉన్న వస్తువు, వారంటీ కాలం ముగిశాక దానిమీద ఒక కన్నేసి ఉంచాలి. ఎప్పుడైనా గొట్టం చివర్లలో తడి కనిపిస్తే ఆ క్షణమే కంప్యూటర్ ఆపి, కరెంటు తీగ పీకి, పూర్తిగా ఆరేదాకా ఆన్ చేయకండి.

ఇక బిగింపు. కేబినెట్‌ను పక్కకు పడుకోబెట్టి, చేతికి అన్నీ అందేలా పెట్టుకోండి. పాత కూలర్ తీసే ముందు కంప్యూటర్‌ను కొద్ది నిమిషాలు భారం మీద నడిపి ఆపండి, పేస్టు మెత్తబడుతుంది. తర్వాత కూలర్‌ను నేరుగా పైకి లాగకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి. మీ ఇంటెల్ ప్రాసెసర్‌ను సాకెట్ పట్టుకుని ఉంటుంది కాబట్టి భయం లేదు. ఏఎమ్4 వాడేవారు మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అందులో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, కూలర్‌కు అంటుకుని అది సాకెట్‌లోంచి ఊడివచ్చి పిన్నులు వంగుతాయి. ప్రాసెసర్ మూతను 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పోగులు రాలని గుడ్డతో తుడవండి.

తర్వాత పని ఫ్యాన్లను రేడియేటర్‌కు బిగించడం. ఫ్యాన్‌కు చట్రపు అడ్డుపట్టీలు ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. పైన బిగిస్తున్నారు కాబట్టి ఫ్యాన్లు రేడియేటర్ కింద ఉండి గాలిని దాని గుండా పైకి నెట్టాలి. ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. కూలర్‌తో రెండు రకాల స్క్రూలు వస్తాయి. 30 మిల్లీమీటర్ల పొడవైనవి 25 మిల్లీమీటర్ల ఫ్యాన్ గుండా రేడియేటర్‌లోకి వెళ్లేవి. పొట్టివి కేబినెట్ రేకు గుండా రేడియేటర్‌లోకి వెళ్లేవి. పొడవైన స్క్రూను ఫ్యాన్ లేని వైపు దించితే అది నేరుగా రేడియేటర్ లోపలి ద్రవపు దారిలో దిగబడుతుంది. అన్నేళ్లూ భయపడిన లీకు ఆ నిమిషంలోనే మొదలవుతుంది. మరో కూలర్ స్క్రూలను వాడకండి, అందరూ ఒకే మర వాడరు. ఫ్యాన్ తీగలన్నీ ఒకే వైపుకు, మదర్‌బోర్డు వెనక్కి వెళ్లే దారి వైపుకు తిప్పి బిగిస్తే తర్వాత పని తేలిక.

రేడియేటర్‌ను పైన బిగించే ముందు మదర్‌బోర్డు పై మూలలో ఉండే ప్రాసెసర్ కరెంటు తీగను, అంటే ఎనిమిది పిన్నుల దాన్ని, పెట్టేయండి. రేడియేటర్ వచ్చాక అక్కడికి వేళ్లు వెళ్లవు. వెనుక పలకను బోర్డు కింద పెట్టి, ఇంటెల్ 1700 గుర్తున్న రంధ్రాల్లోకి మేకులు జరిపి, పైనుంచి స్తంభాలను బిగించండి. కొన్ని కిట్లలో ఈ పలక కూలర్ బిగించేదాకా కొంచెం వదులుగా కదులుతూనే ఉంటుంది, అది లోపం కాదు. స్తంభాలు 1700, ఏఎమ్5, పాత ఇంటెల్ సాకెట్లకు వేర్వేరుగా వస్తాయి. చూడటానికి ఒకేలా ఉంటాయి, పొడవులో కొద్ది తేడా. ఆ కొద్ది తేడా చాలు, పలక పూర్తిగా ఆనకపోవడానికి. పుస్తకంలోని బొమ్మతో సరిపోల్చి మరీ తీసుకోండి.

ముందు రేడియేటర్‌ను కొన్ని స్క్రూలతో వదులుగా పైన నిలబెట్టి, తర్వాత పంపు బ్లాకును ప్రాసెసర్ మీదికి తెండి. గొట్టాలు ఎక్కడా మడతపడకుండా సహజంగా వంగేలా బ్లాకు దిశ ఎంచుకోండి. గొట్టం ర్యామ్ మీదో గ్రాఫిక్స్ కార్డు మీదో నొక్కుకుంటుంటే బ్లాకును తిప్పండి, గొట్టాన్ని బలవంతంగా వంచకండి.

బ్లాకు అడుగున ఉండే పారదర్శక ప్లాస్టిక్ పొర తీశారా? ఇది చిన్నమాటలా కనిపిస్తుంది గానీ "కొత్త కూలర్ పెట్టినా 100 డిగ్రీలే" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలాసార్లు కారణం ఆ పొరే. పేస్టు ముందే రాసి ఉంటే దాన్ని వేలితో తాకకుండా వాడండి, చాలా బాగా పనిచేస్తుంది. విడిగా రాయాలంటే మీ 1700 ప్రాసెసర్ నిలువుగా పొడవైనది కాబట్టి మధ్యలో ఒక బొట్టు, దానికి పైనా కిందా చిన్న బొట్లు పెట్టండి, ఒత్తిడికి అవే పరుచుకుంటాయి. కొంచెం ఎక్కువైతే పక్కలకు వస్తుంది తప్ప నష్టం లేదు. తక్కువైతేనే ఒక మూల ఖాళీగా మిగులుతుంది. ద్రవ లోహపు పేస్టును మీకు నేను సూచించను. అది విద్యుత్తును ప్రవహింపజేస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది.

స్క్రూలు బిగించే పద్ధతిలోనే ఫలితం ఉంది. ఒక మూల స్క్రూను రెండు మూడు మరలు పట్టించి, తర్వాత దానికి ఎదురు మూల, ఆ తర్వాత మిగతా రెండు. నాలుగూ పట్టాక, మళ్లీ అదే ఎదురెదురు వరసలో అరచుట్టు చొప్పున బిగించుకుంటూ రండి. ఒక్కదాన్నే పూర్తిగా బిగిస్తే బ్లాకు ఒక వైపుకు వాలి, పేస్టు మరో వైపుకు పారుతుంది. స్క్రూ అడుగు తగిలి ఆగిన చోట మీరూ ఆగండి. ఎల్‌జీఏ 1700లో సాకెట్ పట్టీ ప్రాసెసర్‌ను మధ్యలో నొక్కడం వల్ల దాని మూత కొద్దిగా వంగుతుంది, అందుకని కాంటాక్ట్ ఫ్రేమ్ అనే విడి పట్టీ అమ్ముతారు. దానితో కొన్ని డిగ్రీలు తగ్గే మాట నిజమే. కానీ సాకెట్‌ను విప్పాలి, అతిగా బిగిస్తే ర్యామ్ గుర్తించకపోవడం లాంటి తిప్పలు వస్తాయి, వారంటీ విషయంలో కూడా చిక్కు రావచ్చు. ముందు మామూలుగా బిగించి ఫలితం చూశాకే దాని గురించి ఆలోచించండి.

తీగల్లో ముఖ్యమైంది పంపుది. పంపు ఎప్పుడూ స్థిరమైన వేగంతో, చాలా కూలర్లలో పూర్తి వేగంతో తిరగాలి. బోర్డు మీద ఏఐఓ పంప్ (ఇలాంటి కూలర్ల పంపు కోసం) అని రాసి ఉన్న చోట పెడితే అది సాధారణంగా మొదటి నుంచీ పూర్తి వేగమే ఇస్తుంది. ఫ్యాన్లను సీపీయూ ఫ్యాన్ దగ్గర పెట్టండి. అక్కడ ఏదీ లేకపోతే చాలా బోర్డులు ఆన్ అయ్యేటప్పుడు ఫ్యాన్ లేదని ఫిర్యాదు చేసి ఆగిపోతాయి. నాకు మరీ ఇష్టమైన ఏర్పాటు పంపు తీగనే సీపీయూ ఫ్యాన్ దగ్గర పెట్టి, బయోస్‌లో దాన్ని పూర్తి వేగానికి కట్టేయడం. పంపు ఆగిపోయిన రోజున బోర్డే హెచ్చరిస్తుంది. కరెంటును సాటా తీగ (పవర్ సప్లై నుంచి వచ్చేది) నుంచి తీసుకునే పంపులకు బోర్డు వైపు వెళ్లే సన్నని తీగ వేగాన్ని చెప్పడానికే, కాబట్టి సాటాది మరిస్తే పంపు తిరగదు. రంగుల దీపాల తీగ ఉంటే మూడు పిన్నులది 5 వోల్టులు, నాలుగు పిన్నులది 12 వోల్టులు. 5 వోల్టుల దీపాలను 12 వోల్టుల చోట గుచ్చితే అవి అక్కడికక్కడే మాడిపోతాయి.

ఆన్ చేసి నేరుగా విండోస్‌లోకి వెళ్లకండి. బయోస్‌లోకి వెళ్లి పంపు వేగం నిమిషానికి ఎన్ని చుట్లో చూపిస్తోందో, ఉష్ణోగ్రత నిలకడగా ఉందో కొద్ది నిమిషాలు చూడండి. నీళ్ల చప్పుడు కాసేపు వినిపించవచ్చు, గాలి బుడగలు రేడియేటర్‌లోకి చేరాక అది ఆగిపోతుంది. ఆగకపోతే కంప్యూటర్ ఆపేసి, కేబినెట్‌ను మెల్లగా అటూ ఇటూ వంచి, మళ్లీ ఆన్ చేయండి.

తర్వాత సినీబెంచ్ అనే పరీక్ష ప్రోగ్రామ్ కనీసం అరగంట నడపాలి. గాలి కూలర్‌లా కాకుండా ఇందులోని ద్రవం మెల్లగా వేడెక్కుతుంది కాబట్టి మొదటి అయిదు నిమిషాల అంకెలు చూసి సంబరపడటానికి లేదు. ఉష్ణోగ్రత పెరిగే తీరును గమనించండి, లోపం ఎక్కడుందో అదే చెబుతుంది. భారం పడిన రెండు మూడు సెకన్లలోనే 100కు ఎగబాకితే వేడి ద్రవందాకా చేరడం లేదన్నమాట. పలక ఆనలేదు, పొర తీయలేదు, లేదా పంపు తిరగడం లేదు. మొదట 75 దగ్గర ఉండి పది, ఇరవై నిమిషాల్లో మెల్లమెల్లగా 95 దాకా పాకితే బిగింపు బాగున్నట్టే, ద్రవం నుంచి గాలికి వేడి పోవడం లేదు. ఫ్యాన్ల దిశ, వేగం, గాలి వచ్చే దారి చూసుకోండి. రెండు గొట్టాలనూ చేత్తో తాకండి. ఇందాకటి లెక్క ప్రకారం ప్రవాహం బాగుంటే తేడా రెండు మూడు డిగ్రీలే, చేతికి దాదాపు ఒకేలా తగులుతాయి. ఒకటి బాగా వేడిగా, రెండోది చల్లగా ఉంటే ద్రవం కదలడం లేదు.

ఫ్యాన్ల వేగం సెట్టింగు మీద ఒక పావుగంట పెట్టండి. ప్రాసెసర్ ఉష్ణోగ్రత సెకనులో 30 డిగ్రీలు ఎగిరి పడుతుంటుంది, ద్రవం మాత్రం అంత తొందరపడదు. అందుకే ప్రాసెసర్ అంకెను బట్టి ఫ్యాన్లు ఎగిసిపడటం వల్ల లాభం లేదు, చెవులకు బాధ తప్ప. కూలర్‌లో ద్రవపు ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ఉంటే ఫ్యాన్లను దానికే కట్టండి. లేకపోతే బయోస్‌లో ఫ్యాన్ వేగం మారడానికి పట్టే సమయాన్ని అది అనుమతించినంత పెంచండి. ద్రవం 60 డిగ్రీలు దాటనివ్వవద్దు, పంపుకూ గొట్టాలకూ అది మంచిది కాదు.

మూడు నాలుగు నెలలకోసారి రేడియేటర్ రెక్కల మధ్య దుమ్ము ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, గాలికి విపరీతంగా తిరిగితే దాని బేరింగు దెబ్బతింటుంది. ఈ రోజు సినీబెంచ్‌లో వచ్చిన వాట్లు, ఉష్ణోగ్రత, పంపు వేగం, ఆ సమయానికి గది ఉష్ణోగ్రత ఒక కాగితం మీద రాసి కేబినెట్ లోపలి వైపు అంటించండి. రెండేళ్ల తర్వాత అవే వాట్లకు, అదే గది వేడిలో పది డిగ్రీలు ఎక్కువ కనిపిస్తే ముందు దుమ్ము, తర్వాత పేస్టు, చివరగా పంపు చూడాలి. బిగించాక కూడా అనుమానం మిగిలితే ఆ నాలుగు అంకెలూ, రేడియేటర్ కనిపించేలా కేబినెట్ ఫొటో ఒకటి పంపండి, చూసి చెబుతాను.